బీడీ మానినవాళ్లు నోరు విప్పాలి

ఆదివారం వందన అయ్యాక పంచశీల గురించి మాట్లాడుకుంటుంటే, ఐదో శీలం దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సారా, బ్రాందీ సరే, బీడీ కూడా ఇందులోకి వస్తుందా?"

బుద్ధుని కాలంలో మన దేశంలో పొగాకే లేదు. అది పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. కాబట్టి శీలంలో దాని పేరు వెతికితే దొరకదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం మాట ఉంది గాని బీడీ పేరు లేదు. అంతమాత్రాన మనం తప్పించుకోలేం. ఆ శీలం మనల్ని కాపాడేది 'పమాదం' నుంచి, అంటే మనసు అదుపు తప్పే అజాగ్రత్త నుంచి. తెల్లారి లేస్తూనే చెయ్యి బీడీకట్ట కోసం తడుముకుంటుంటే, కూలి డబ్బుల్లోంచి ముందు దాని వాటా తీయాల్సి వస్తుంటే, మనసు మన చేతిలో ఉన్నట్టేనా?

అలాగని బీడీ తాగేవాణ్ణి పదిమందిలో నిలదీయడం నాకు నచ్చదు. నిలదీస్తే అతను బీడీ మానడు, విహారానికి రావడం మానేస్తాడు.

అతనికి పనికొచ్చేది మానినవాళ్ల అనుభవం. కల్యాణమిత్రత ధమ్మజీవితంలో సగం కదా అని ఆనందుడు అంటే, సగం కాదు మొత్తం అదేనన్నాడు తథాగతుడు. మానిన అన్న, మానాలనుకునే తమ్ముడి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పడం కల్యాణమిత్రతే.

అయితే ఏం చెప్పాలి? "నేను ఒక్కరోజులో విసిరికొట్టా, మనసుంటే చాలు" అనే మాట వల్ల లాభం లేదు. వినేవాడు తనకు మనసే లేదనుకుని కుంగిపోతాడు. ఒక డ్రైవరన్న చెప్పిన తీరు చూడండి. మొదటి మూడు రోజులు తలనొప్పి, నిద్ర లేదు, పిల్లలు పలకరించినా కసురుకున్నాడు. అందుకే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకోమంటాడు. నాలుగో రోజు నుంచి కాస్త తెరిపి. టీ కొట్టు దగ్గర దోస్తులు వెలిగిస్తారని నెల రోజులు ఆ కొట్టు దారే మార్చుకున్నాడు. జేబులో బీడీకట్ట ఉండే చోట సోంపు పొట్లం పెట్టుకున్నాడు. డాక్టర్లు చెప్పేదీ దాదాపు ఇదే: నికోటిన్ అందక కలిగే బాధ మొదటి మూడు రోజుల్లో ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది.

ధ్యానం నేర్చినవాళ్లు ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం అని మనం పాఠంగా చదువుకున్నాం. బీడీ మానేటప్పుడు అది ఒంట్లోనే కనబడుతుంది. గొంతు లాగుతుంది, వేళ్లు ఊరుకోవు, నోరు ఊరుతుంది. ఆ లాగుడు సాధారణంగా కొన్ని నిమిషాలే. దాంతో కుస్తీ పట్టకుండా, శ్వాస మీద ధ్యాస పెట్టి, అది లేవడం, తగ్గడం చూస్తూ కూర్చుంటే చాలు. అనిత్యం అంటే ఏమిటో ఆ ఐదు నిమిషాల్లో తెలిసినంతగా పుస్తకంలో తెలియదు.

మళ్లీ మొదలుపెట్టిన రోజు గురించి కూడా దాచకుండా చెప్పాలి. నాకైతే అన్నిటికన్నా విలువైనది అదే అనిపిస్తుంది. ఒకాయన ఎనిమిది నెలలు ముట్టలేదు. చావింటి దగ్గర రాత్రి జాగారంలో ఎవరో చేతిలో పెడితే వెలిగించాడు. ఇక నా పని అయిపోయిందనుకుని విహారానికి ముఖం చాటేశాడు. శీలాన్ని 'సిక్ఖాపదం' అన్నారు. అంటే నేర్చుకునే మెట్టు. పైనుంచి దిగిన ఆజ్ఞ కాదు, తప్పితే శాపం తగలదు. జారినవాడు మర్నాడే మళ్లీ తీసుకోవచ్చు. ఆయనకీ ఈ మాట చెప్పింది, అంతకుముందు రెండుసార్లు జారిన ఇంకో ఉపాసకుడే.

ఆడవాళ్ల సంగతి మనం తరచూ మరిచిపోతాం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్నారు. ఆ వేడికి అంగిలి పాడై, క్యాన్సర్ దాకా పోవచ్చు. వాళ్లు మగవాళ్ల ముందు నోరు విప్పరు. మానిన అక్క ఒకరు విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి పిల్లల్ని చదివించే తల్లులూ మన సభల్లో ఉంటారు. వాళ్ల పొట్టకూటిని చులకన చేసే మాట రాకూడదు. పొగాకు దుమ్ము పీల్చేది వాళ్లే.

చాలా ఏళ్లుగా ఎక్కువగా తాగినవాళ్లకు మాటసాయం ఒక్కటే చాలకపోవచ్చు. డాక్టర్‌ను అడిగితే నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి చెబుతారు. సిగరెట్ పెట్టెల మీద అచ్చు వేసే ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 కు ఫోన్ ఉచితం.

కొత్తగా మానేవారికి విహారం తరఫున మానినవారిని ఒకరిని జత చేయండి. మూడో రోజు సాయంత్రం, పని దిగి టీ తాగే వేళకు, ఫోన్ చేయాల్సింది పాతవాడే. కొత్తవాడు తనంతట తాను చేస్తాడని చూడొద్దు.