రూపము మార్చుకొను అచ్చు

లోహపు రేకును కోరిన వంపునకు తెచ్చుటకు అచ్చు కావలెను. ఉర్దూలో సాంచా అనునది ఇదియే. కార్ఖానాలలో దీనిని ఉక్కు దిమ్మెనుండి చెక్కి, నునుపుచేసి, సరిచూచి సిద్ధపరచుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. కారు తలుపువలె ఒకే వస్తువు లక్షల సంఖ్యలో కావలసినచోట ఆ వ్యయము అన్నింటిపై పంచబడి స్వల్పమగును. విమానము సంగతి వేరు. దాని దేహమును కప్పు అల్యూమినియం పలకలలో ఒకదాని వంపు వేరొకదానికి సరిపడదు. ఒక్కొక్క రకము కొద్ది సంఖ్యలోనే కావలసియుండును. అయినను ప్రతిదానికి ఒక అచ్చు! పని ముగిసిన పిదప కూడ, మరమ్మతునకు ఎప్పుడైన అవసరమగునేమో యని దానిని గోదాములో దాచవలసినదే.

అచ్చును చెక్కుటకు మారుగా పేర్చరాదా అను ఆలోచన ఇచ్చటనే పుట్టినది. గుండ్రని తలలుగల ఉక్కు కడ్డీలను వందల సంఖ్యలో దగ్గరదగ్గరగా నిలిపి, ఒక్కొక్క దానిని కావలసిన ఎత్తునకు జరిపి బిగించినచో వాని తలలన్నియు కలసి ఒక వంపు తలమగును. మరునాడు మరియొక పలకకు అవే కడ్డీలు మరియొక తలమును ఏర్పరచును. 1969లో జపానులో నకజిమా సన్నని తీగల కట్టతో ఇట్టి అచ్చును చేసి చూపెను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య డేవిడ్ హార్డ్ట్, ఆయన సహచరులు 1980 దశకములో దీనికి కంప్యూటరును జోడించిరి.

చిక్కులు లేకపోలేదు. రేకు కడ్డీల తలలపైననే ఆనుటచే సొట్టలు పడును. అందులకు నడుమ రబ్బరువంటి మందపు పొర పరచుదురు. ఆ పొర మందమును, అది నలుగుటను కూడ లెక్కలో చేర్చవలెను. రెండవ చిక్కు పెద్దది. వంచి విడిచిన రేకు కొంత వెనుకకు మరలును. సాగి మరలు గుణము, ఒకే ఒత్తిడి వద్ద, ఉక్కులోకంటె అల్యూమినియంలో సుమారు 3 రెట్లు.

నా దృష్టిలో ఈ అచ్చు యొక్క అసలు ప్రయోజనము ఇచ్చటనే కలదు, ధనము ఆదా యగుటలో కాదు. 20 మిల్లీమీటర్ల లోతు కావలెననుకొందము. అచ్చును 20కే అమర్చగా, లోతులో 15 శాతము మరలిపోయి 17 మిగిలినదనుకొందము. లోపించిన 3ను కలిపి కడ్డీలను 23కు మార్చిన 19.55 వచ్చును, మరల 0.45 కలిపిన సుమారు 19.93. రెండు సవరణలతో పని సరి. ఉక్కు దిమ్మెయైనచో ప్రతి సవరణకు దానిని మరల చెక్కవలెను. ఎక్కువ చెక్కినచోట లోహమును తిరిగి చేర్చుట మరింత కష్టము. నిజమైన రేకు ఇంత క్రమముగా లొంగదు. ఒక కడ్డీని కదపిన ప్రక్క భాగము కూడ మారును. అందుచేతనే ప్రతి పర్యాయము పలకను కొలిచి, కంప్యూటరుచే క్రొత్త ఎత్తులను గణింపజేయుదురు.

చైనాలో జిలిన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు క్రిందనే కాక పైనను ఇట్టి కడ్డీలనే నిలిపి, రేకును నడుమ నొక్కు పద్ధతిని పెంపొందించిరి. 2008 ఒలింపిక్ క్రీడలకు బీజింగులో కట్టిన ‘పక్షిగూడు’ క్రీడామందిరపు మెలికల ఉక్కు పలకలను వంచుటకు ఈ పద్ధతిని వాడిరి.

అయినను కడ్డీ తలకన్న సన్ననైన గాడిగాని, పదునైన అంచుగాని ఈ అచ్చునకు సాధ్యము కాదు. కారు తలుపు పిడి చుట్టు గల చిన్న పల్లమునకు నేటికిని చెక్కిన ఉక్కు దిమ్మెయే శరణ్యము.