రాలింది పువ్వా? మొగ్గా?

వినాయక చవితి వెళ్ళింది. ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి చేలో పత్తి పూతకు వచ్చింది. అత్తాకోడళ్ళు కలుపు తీస్తున్నారు. సాళ్ళలో ఎర్రని పూలు రాలి ఉన్నాయి. కోడలి గుండె ఝల్లుమంది.

“అత్తా! పూలన్నీ రాలిపోతాండాయి. పురుగు పడినట్టుంది. అంగట్లో అప్పు పెట్టి మందు తెద్దామా?”

“తొందరపడొద్దు తల్లీ. రాలింది ఏందో ముందు చూద్దాం రా” అంది అత్త. ఒక కొమ్మ వంచి చూపింది.

పత్తి విత్తిన సుమారు 40 రోజులకు మొగ్గ వేస్తుంది. దీన్నే గూడ అని కూడా అంటారు. మొగ్గ చుట్టూ మూడు పచ్చని ఆకులు ఉంటాయి. మొగ్గ కనిపించిన మూడు వారాలకు పువ్వు విచ్చుకుంటుంది. మొదటి రోజు పువ్వు తెల్లగా ఉంటుంది. మరునాటికి ఎర్రబడుతుంది. తర్వాత వాడి రాలిపోతుంది. పిందె మాత్రం కొమ్మకే ఉంటుంది. ఆ పిందే పెరిగి కాయ అవుతుంది. పూసిన సుమారు 50 రోజులకు కాయ పగులుతుంది. ఆ పత్తే ఆదోని మార్కెట్టుకు పోతుంది.

“అయితే ఎర్రపూలు రాలితే నష్టం లేదా అత్తా?”

“లేదు. మొగ్గలు, పిందెలు రాలితేనే చూసుకోవాల.”

చెట్టు వేసిన ప్రతి మొగ్గా కాయ కాదు. కొన్ని రాలడం మామూలే. చెట్టు తాను మోయగలిగినన్ని కాయలనే ఉంచుకుంటుంది. వాన లేక నేల ఎండినా, చేలో నీరు నిలిచినా, రోజుల తరబడి ముసురు పట్టినా మొగ్గలు ఎక్కువగా రాలతాయి. దీనికి పురుగుమందు పనిచేయదు. నీరు నిలిస్తే కాలువ తీసి బయటికి పంపాలి. నేల ఎండితే, వీలున్నవారు ఒక తడి ఇవ్వాలి.

రాలిన మొగ్గను చేతిలోకి తీసుకొని చూడండి. రంధ్రం ఉందా? ఉంటే అది పురుగు పనే. ఆకు తిప్పి చూడండి. అడుగున దోమ పట్టిందా? చెట్టు మీద పూలు చూడండి. కొన్ని పూలు విచ్చుకోకుండా ముడుచుకొని ఉన్నాయా? వీటిని గుడ్డిపూలు అంటారు. వీటి లోపల గులాబీరంగు పురుగు ఉంటుంది. ఇలాంటి పూలను ఏరి కాల్చెయ్యాలి. మందు కొట్టాలా, ఏ మందు, ఎంత అనేది వ్యవసాయాధికారిని అడగాలి. 1800-180-1551 నంబరుకు ఫోన్ చేసినా తెలుగులో చెబుతారు. ఈ ఫోనుకు డబ్బు పడదు.

కోడలు రాలినవన్నీ ఏరింది. ఒడి నిండా ఎర్రపూలే. మొగ్గలు నాలుగే. ఒక్కదానికీ రంధ్రం లేదు. ఆకుల అడుగున దోమా లేదు. ఆ రోజు వాళ్ళు అంగడికి పోలేదు. అప్పూ చేయలేదు.

ప్రశ్నలు

1. పత్తి పువ్వు మొదటి రోజు ఏ రంగులో ఉంటుంది? మరునాడు ఏ రంగులోకి మారుతుంది?

2. మొగ్గలు ఎందుకు రాలతాయి? మూడు కారణాలు రాయండి.

3. మీ చేలో ఒక సాలులో రాలినవి ఏరండి. పూలు ఎన్ని? మొగ్గలు ఎన్ని? లెక్కపెట్టి మీ పుస్తకంలో రాయండి.