గుర్రం ఖరీదెంత?

ఇద్దరు మనుషులున్నారు. మొదటివాని దగ్గర 6 గుర్రాలు, రొక్కంగా 300 రూకలు ఉన్నాయి. రెండవవాని దగ్గర 10 గుర్రాలున్నాయి గాని చేతిలో చిల్లిగవ్వ లేదు. లేకపోగా 100 రూకల అప్పు కూడా ఉంది. గుర్రాలన్నీ ఒకే ధర చేస్తాయి. లెక్క చూస్తే ఇద్దరి ఆస్తీ సమానమే. అయితే ఒక్కొక్క గుర్రం ఖరీదెంత?

ఈ లెక్క నిన్న మొన్న పుట్టింది కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'బీజగణితం' అనే గ్రంథంలో ఇచ్చినది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, కాగితం, పెన్సిలు తీసుకుని మీరే ప్రయత్నించి చూడండి.

ఊహించి చూసే పద్ధతి ఒకటి ఉంది. గుర్రం 50 రూకలు అనుకుందాం. మొదటివాని ఆస్తి 600, రెండవవానిది 400. కుదరలేదు. 200 అనుకుందాం. మొదటివానికి 1,500, రెండవవానికి 1,900. ఈసారి రెండవవాడు మించిపోయాడు. కనుక జవాబు 50కీ 200కీ మధ్య ఎక్కడో ఉంది. ఇదేమీ తప్పు పద్ధతి కాదు. కాని జవాబు ఏ 87 ముప్పాతికో అయితే, దాన్ని పట్టుకునేసరికి తెల్లవారుతుంది!

అంతకంటె తెలివైన పని, తెలియని దానికి ఒక పేరు పెట్టడం. పేరు పెట్టామంటే, అది ఎంతో తెలియకపోయినా దానితో కూడికలు, తీసివేతలు చేయవచ్చు. మన పూర్వులు దానిని 'యావత్ తావత్' అన్నారు. అంటే 'ఎంతో అంత' అని అర్థం. పొట్టిగా 'యా' అని రాసేవారు. తెలిసిన సంఖ్యకు 'రూ' అని గుర్తు. భాస్కరుని పద్ధతిలో మన లెక్క ఇట్లా ఉంటుంది:

యా 6 రూ 300
యా 10 రూ 100

రెండవ వరుసలోని 100 అప్పు గనుక దాని నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. ఒక పక్షాన్ని ఇంకొక పక్షం కింద రాస్తే రెండూ సమానమని అర్థం. ఇప్పుడు మనం వాడే రెండు గీతల సమాన గుర్తు అప్పటికి లేదు. దానిని 1557లో ఇంగ్లండులో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన తన పుస్తకంలో ప్రవేశపెట్టాడు. రెండు సమాంతర రేఖల కంటె సమానమైనవి ఇంకేమున్నాయని ఆయన వాదన. మీ పాఠ్యపుస్తకంలో తెలియని దానిని 'ఎక్స్' అంటారు. మనం ఇక్కడ 'య' అందాం.

6య + 300 = 10య − 100

దీనిని త్రాసుగా ఊహించుకోండి. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచి ఉంది. ఒక సిబ్బిలోంచి ఏదైనా తీస్తే రెండవ సిబ్బిలోంచి కూడా అంతే తీయాలి. ఒక దానిలో ఏదైనా వేస్తే రెండవ దానిలోనూ అంతే వేయాలి. అప్పుడే ముల్లు కదలదు.

ఇద్దరి దగ్గరనుంచీ ఆరేసి గుర్రాలను తోలుకుపోదాం. ఇద్దరికీ నష్టం ఒకటే గనుక ఆస్తులు ఇంకా సమానమే.

300 = 4య − 100

ఇప్పుడు ఇద్దరికీ చెరొక 100 రూకలు ఇద్దాం. రెండవవాడు ఆ డబ్బుతో అప్పు తీర్చేసుకుంటాడు.

400 = 4య

నాలుగు గుర్రాలు 400 అయితే ఒకటి 100 రూకలు. సరిచూద్దాం. 600 + 300 = 900. 1,000 − 100 = 900. ముల్లు మధ్యలోనే ఉంది.

క్రీ.శ. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు రాసిన గ్రంథం పేరులో ఈ రెండు పనులూ కనిపిస్తాయి. లోటును పూడ్చడం 'అల్ జబ్ర్'. రెండువైపులా ఉన్న ఒకే రకం వాటిని సమంగా తీసివేయడం 'అల్ ముకాబలా'. ఆ మొదటి మాటే యూరపుకు వెళ్ళి 'ఆల్జీబ్రా' అయింది. అప్పు తీర్చినప్పుడు మీరు చేసింది అదే.

మరి బడిలో నేర్చుకున్న 'పక్షం మారిస్తే గుర్తు మారుతుంది' అనే సూత్రం సంగతేమిటి? అది నిజమే. కాని అదేదో మంత్రం కాదు. కుడివైపు −100 ఎడమవైపుకి వచ్చి +100 ఎందుకైంది? అది గోడ దూకి రాలేదు. మనం రెండువైపులా 100 కలిపాం. కుడివైపు అప్పు రద్దయింది, ఎడమవైపు 100 మిగిలింది. ఇది తెలియక సూత్రాన్ని వల్లెవేసినవాళ్ళే పరీక్షలో తడబడతారు. 10యను గుర్తు మార్చకుండా ఎడమవైపు చేర్చారనుకోండి: 16య = −400, అంటే గుర్రం ఖరీదు −25. గుర్రాన్ని ఇచ్చి, ఎదురు 25 రూకలు కూడా ఇచ్చే వర్తకుడు ఎక్కడైనా ఉన్నాడా? ఈ తప్పు చూడగానే తెలిసిపోతుంది. 100 గుర్తు మార్చడం మరచిపోతే మాత్రం 4య = 200, గుర్రం 50 అని వస్తుంది. చూడటానికి పెద్దమనిషిలాంటి జవాబే! ఇందాక మనం 50 వేసి చూశాం కదా, 600 ఎక్కడ, 400 ఎక్కడ? అందుకే, వచ్చిన విలువను మొదటి సమీకరణంలో వేసి చూడాలి. మధ్యలోని మెట్టులో వేస్తే లాభం లేదు, తప్పు జరిగింది ఆ మెట్టులోనే కావచ్చు.

ఇప్పుడు కథను కొంచెం మారుద్దాం. రెండవవాని దగ్గర కూడా 6 గుర్రాలే ఉన్నాయి, 100 అప్పు అట్లాగే ఉంది. 6య + 300 = 6య − 100. ఆరేసి గుర్రాలు తీసేస్తే 300 = −100 అని మిగులుతుంది. ఇది ఏ ధరకూ పొసగదు. లెక్క చేయనక్కరలేకుండానే ఆలోచించండి: గుర్రాలు ఇద్దరికీ సమానం, ఒకనికి రొక్కం, ఇంకొకనికి అప్పు. వాళ్ళ ఆస్తులు ఎట్లా సమానమవుతాయి? ఇటువంటి సమీకరణానికి సాధన లేదు.

ఇక మీ వంతు. రెండవవాని దగ్గర 5 గుర్రాలు, 100 అప్పు ఉన్నాయనుకోండి. మొదటివాని సంగతి మామూలే. ఇద్దరి ఆస్తీ సమానమని సమీకరణం రాసి సాధించండి. జవాబు వస్తుంది, సరిచూస్తే రెండు పక్షాలూ సరిపోతాయి కూడా. ఆ జవాబును పట్టుకుని సంతకు వెళ్ళి గుర్రం కొనగలరేమో చెప్పండి.