కొయ్యగుఱ్ఱము: ఇంటి కంప్యూటరునకు పొంచియున్న యపాయము

గ్రీకులు ట్రాయి పట్టణమును పదియేండ్లు ముట్టడించియు గెలువలేకపోయిరని పురాణగాథ. బలమున సాధ్యము కానిదానిని యుక్తిచే సాధింపనెంచి, వారొక పెద్ద కొయ్యగుఱ్ఱమును జేసి, దాని కడుపులో యోధులను దాచి, కోట యెదుట విడిచి, ఓడలెక్కి పోయినట్లు నటించిరి. పట్టణవాసు లది దేవతకు సమర్పించిన కానుక యని నమ్మి, వలదన్నవారి మాట వినక, తమ చేతులతోనే దానిని లోపలి కీడ్చుకొనిరి. ఆ రాత్రి యోధులు వెలువడి తలుపులు తెఱచిరి, పట్టణము నశించెను. ఈ కథలో శత్రువులు గోడను కూల్చలేదు. లోపలివారే వారిని లోనికి దెచ్చుకొనిరి. విద్యార్థులు దీనిని బాగుగా గుర్తుంచుకొనవలెను.

ఇట్టి మోసమును కంప్యూటరులో చేయు ప్రోగ్రామునకు ట్రోజను అని పేరు. 1972లో అమెరికా వాయుసేనకొఱకు వ్రాయబడిన యొక నివేదికలో నీ పేరు కానవచ్చుచున్నది. పైకి ఆటగానో, పాఠ్యగ్రంథముగానో, ప్రభుత్వపత్రముగానో కనబడి, తెఱచినంతనే మన మెఱుగని పని చేయునది ట్రోజను.

అనేకులు హానికరములైన ప్రోగ్రాముల నన్నింటిని వైరసు లందురు. అది సరికాదు. వైరసు ఇతర ఫైళ్ల నంటుకొని వానితోగూడ వ్యాపించును. వర్ము అనునది తనంత తానే యొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు ప్రాకును. 2017 మే 12వ తేదీన బయలుదేఱిన వన్నాక్రై యిట్టిది. అది నూటయేబది దేశములకు ప్రాకి, మన రాష్ట్ర పోలీసుశాఖవారి కంప్యూటర్లలో కొన్నింటినిగూడ పట్టుకొనెను. దాని నడ్డగించు సవరణను మైక్రోసాఫ్టువా రాయేటి మార్చిలోనే విడుదల చేసియుండిరి. ట్రోజను అట్లు ప్రాకదు. మనము తెఱచువఱకు వేచియుండును. చెఱువులనెఱిగిన మన సీమవారి కిట్లు చెప్పవచ్చును. కట్టకు గండిపడుట వర్ము వంటిది. ఎవడో యపరిచితుడు వచ్చి "నీరు వదలుమని పెద్దలు చెప్పినా"రనగా నమ్మి, మనమే తూము నెత్తుట ట్రోజను వంటిది. అప్పుడు కట్ట యెంత గట్టిదైనను ప్రయోజన మేమి?

ఈ మోసము క్రొత్తది కాదు. 1989లో ఎయిడ్సు వ్యాధినిగూర్చిన సమాచార మున్నదని చెప్పు డిస్కులు సుమారు ఇరువదివేలు తపాలామూలమున పలుదేశములవారికి చేరెను. దానిని వేసికొన్న యంత్రము మొదట నేమియు చేయక, సుమారు తొంబదిమాఱులు తెఱవబడిన పిమ్మట ఫైళ్ల పేర్లను మఱుగుపఱచి, 189 డాలర్లు పనామాదేశములోని తపాలాపెట్టెకు పంపుమని పత్రము చూపెను. దీనినుండి రెండు సంగతులు తెలియుచున్నవి. మన భయమునో యాశనో చూచి వంచకులు గాలమునకు ఎఱ గ్రుచ్చుదురు. ట్రోజను చేరిననాడే కీడు బయటపడవలెనను నియమము లేదు.

నేటి ట్రోజనులు పలువిధములు. కొన్ని మనము నొక్కు మీటలను గుర్తించి పాస్‌వర్డులను దొంగిలించును. 2007లో బయటపడిన జ్యూసు అనునది బ్యాంకుఖాతాలపై నిట్లు దండెత్తెను. కొన్ని మన యంత్రమును పరుల చేతిలో పెట్టి, దానితో నితరులకు హాని చేయించును. 2014లో కానవచ్చిన ఎమోటెట్ అనునది ఈ-మెయిలుతోవచ్చు రశీదులవంటి పత్రములలో దాగి వ్యాపించెను. 2021 జనవరిలో పలుదేశముల పోలీసులు కలిసి దాని యేర్పాటును పట్టుకొనవలసివచ్చెను. మఱికొన్ని ఫైళ్లను తాళమువేసి విడుదలధన మడుగును. 2019 ఏప్రిలు చివర తెలంగాణ, ఆంధ్రప్రదేశములలోని విద్యుత్పంపిణీసంస్థల వెబ్‌సైట్లు విడుదలధన మడుగు ప్రోగ్రాముచే స్తంభించెను. మన జిల్లాకు విద్యుత్తు నందించు సంస్థయు నందులో నొకటి.

మన జిల్లాలో వానలు తక్కువ. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ యెండిన యేట, బీమాసొమ్మో పరిహారమో వచ్చునని ప్రతి రైతును కనిపెట్టుకొనియుండును. అట్టివానికి "లబ్ధిదారుల జాబితా" యను ఫైలు వచ్చిన, తెఱవక యుండగలడా? ఏటికి 6000 రూపాయలిచ్చు కిసాన్ పథకము పేరను, వాహనముల చలానాల పేరను, పెండ్లిశుభలేఖల పేరను వాట్సాపులో నెపికె ఫైళ్లు పంపి ఖాతాలను దోచుచున్నారని పోలీసులు పలుమాఱులు హెచ్చరించియున్నారు. విద్యార్థుల కెఱ వేఱు: ప్రశ్నపత్రము, ఉపకారవేతనము, వెలలేని యాట, దొంగతాళముతో తెఱచు ప్రోగ్రాము. ఎఱ యేదైనను గాలము మాత్ర మొక్కటే.

కావున నీ క్రింది నియమముల పాటింపుడు.

1. ప్రోగ్రాములను తయారుచేసినవారి స్థానమునుండియే తెచ్చుకొనుడు. "మొదట యాంటీవైరసును ఆపుము" అని చెప్పు ప్రోగ్రామును తాకకుడు. కావలివానిని పంపివేయుమనువాడు మిత్రుడు కాడు.

2. ఫైలు పేరు చివరి యక్షరములను చూడుడు. విండోసు వానిని సాధారణముగా దాచును, చూపునట్లు మార్చుకొనుడు. "ప్రశ్నపత్రము.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" అనునది పత్రము కాదు, ప్రోగ్రాము.

3. సవరణలు వచ్చినప్పుడెల్ల వేసికొనుడు. విండోసు 10నకు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. అది గల యిండ్లవారు మార్పునుగూర్చి యోచింపవలెను.

4. నిత్యకృత్యములకు యజమానియధికారములు లేని ఖాతాను వాడుడు. పిల్లల కొకటి, పెద్దల కొకటి వేఱుగా నుంచుడు. పొరపాటు జరిగినను హాని తగ్గును.

5. పట్టాల ప్రతులు, మార్కుల పత్రములు, ఛాయాచిత్రములు మొదలగువానిని వేఱొక డిస్కులో దాచి, పని కాగానే దానిని యంత్రమునుండి తీసివేయుడు. విత్తనపుకాయ నంతయు నొకే గాదెలో పోయు రైతు లేడుగదా.

6. ఎఱిగినవారు పంపినదైనను, అడుగని ఫైలు వచ్చినయెడల ఫోనుచేసి విచారింపుడు. వారి ఖాతాయే పరుల చేతిలో పడియుండవచ్చును.

యంత్రము ట్రోజను పాలైనదని తోచినచో మొదట ఇంటర్నెట్టును త్రెంపుడు. ఆ యంత్రములో బ్యాంకుపని చేయకుడు. శుద్ధమైన వేఱొక యంత్రమునుండి పాస్‌వర్డులను మార్చుడు. సొమ్ము పోయినచో తత్‌క్షణమే బ్యాంకునకు తెలిపి, 1930 నంబరునకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము దక్కు నాశ సన్నగిల్లును. పిమ్మట యాంటీవైరసుతో సంపూర్ణముగా శోధింపుడు. భారతప్రభుత్వమువారు 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువా రందుల కుపకరణములను ఉచితముగా నిచ్చుచున్నారు. అప్పటికిని సందేహము తీరకున్న, ముఖ్యమైన ఫైళ్ల ప్రతులుంచుకొని విండోసును మరల మొదటినుండి వేయించుట యుత్తమము.

వినోదమునకైనను ట్రోజనును పరుల యంత్రములో ప్రవేశపెట్టుట నేరము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66వ విభాగముననుసరించి దీనికి మూడేండ్లవఱకు కారాగారము, అయిదులక్షలవఱకు జరిమానా గలవు.

తల్లిదండ్రుల కొక మనవి. అనేకగృహములలో కంప్యూట రొక్కటే. తండ్రి లెక్కలును బిడ్డ పాఠములును దానియందే. బిడ్డ తెలియక యేదో తెఱచి, తెర వింతగా మాఱగా, దెబ్బలకు వెఱచి చెప్పకుండుట సహజము. వంచకునికి కావలసిన కాలము ఆ మౌనమువలననే దొరకును. "నాన్నా, నేనొక తప్పు చేసితిని" అని బిడ్డ తానుగా వచ్చి చెప్పినపుడు కోపపడక, మొదట ఇంటర్నెట్టును త్రెంపుడు. చెప్పినందులకు మెచ్చుకొనుడు, మందలింపు తరువాత చేయవచ్చును. ట్రాయిలో వలదని చెప్పినవా రుండిరి. వారి మాట వినువారు లేకపోయిరి. మన యిండ్లలో బిడ్డలు నిర్భయముగా చెప్పుకొనునట్లును, పెద్దలు శాంతముగా వినునట్లును ఉండవలెను.