గొర్రె ముట్టని దాణా చౌకైనా గిట్టదు

వేరుశనగ చెక్క ధర పెరిగినప్పుడల్లా దాణా కలిపేవారి చూపు చౌక సరకులపైకి మళ్లడం మామూలే. పత్తిగింజల చెక్క, పొద్దుతిరుగుడు చెక్క, నూనె తీసిన తవుడు, కంది పొట్టు, సర్కారు తుమ్మకాయల పొడి, చివరకు వేప పిండి కూడా లెక్కలోకి వస్తాయి. మాంసకృత్తుల శాతాన్ని బట్టి క్వింటాలుకు ధర కట్టడం తేలికే. ఆ సరకు చెల్లుతుందా లేదా అన్నది మాత్రం తొట్టి దగ్గర గొర్రె తేలుస్తుంది.

గొర్రె కొత్త మేతను ఒక్కసారిగా తినదు. వాసన చూసి, కొద్దిగా కొరికి ఆగుతుంది. కడుపులో ఇబ్బంది లేకపోతే క్రమంగా ఎక్కువ తింటుంది. ఇబ్బంది కలిగితే ఆ రుచిని గుర్తుపెట్టుకుని దూరంగా ఉంటుంది. అమెరికాలోని ఉటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా బృందం దీనిని ఏళ్ల తరబడి ప్రయోగాలతో చూపింది. తల్లి పక్కన ఉండగా గోధుమ రుచి చూసిన పిల్లలు పెద్దయ్యాక కూడా దానిని సులభంగా అందుకుంటాయని ఆస్ట్రేలియాలో 1980లలో జరిగిన పరిశీలనల్లో తేలింది. కాబట్టి కొత్త దాణా దించిన మూడో రోజే "మంద ముట్టడం లేదు" అని కబురు వస్తే, సరకు చెడ్డదని వెంటనే బస్తాలు వెనక్కి తీసుకోనక్కరలేదు. పాత దాణాలో కొద్దికొద్దిగా కలుపుతూ పది, పదిహేను రోజుల్లో మార్చమని చెప్పి అమ్మే వర్తకుడికి ఈ తిరుగు సరకు బెడద తక్కువ.

ఏరుకుని తినడం మరొక చిక్కు. గొర్రె మూతి సన్నం, పెదవులు చురుకు. వదులుగా కలిపిన దాణాలో మొక్కజొన్న నూకను, చెక్క తునకలను ఏరి తిని పొట్టును, దుమ్మును మిగులుస్తుంది. నూకంతా బలమైన పొట్టేళ్ల పాలైతే వాటి కడుపులో పులుపు పెరిగి జబ్బుపడతాయి. లెక్కకు 50 కిలోల పాత దాణా బస్తా 1,000 రూపాయలు, కొత్తది 900 రూపాయలు అనుకుందాం. కొత్తదానిలో 15 శాతం తొట్టిలో మిగిలితే, తిన్న కిలో 21 రూపాయలు దాటుతుంది. పాతది 20 రూపాయలే. మొలాసిస్ చల్లినా, గుళికలుగా కట్టినా ఈ ఏరివేత చాలావరకు ఆగుతుంది. ఆ ఖర్చు కూడా ధరలో పడాలి సుమా.

వేప పిండిది చేదు సమస్య. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో నీటితో కడిగీ, యూరియాతో శుద్ధి చేసీ దీనిని దాణాగా పరీక్షించారు. ఎరువుల కొట్లో దొరికే పిండి ఇలా శుద్ధి చేసినది కాదు. సర్కారు తుమ్మకాయ తియ్యన కనుక గొర్రెలు ఇష్టంగా తింటాయి. అయితే గింజ గట్టిది, మర పట్టకపోతే అరగకుండానే బయటికి పోతుంది. తీపి వల్ల పొడి తేమ పీల్చి గడ్డకడుతుంది. వానాకాలంలో నిల్వ చేసేవారు గమనించాలి.

వేరుశనగ చెక్క తడిస్తే పట్టే బూజు విషపూరితం. ఆముదం చెక్కను, అది నింపిన ఖాళీ సంచులను కూడా దాణా గోదాముకు రానీయరాదు. పశువులకని తయారైన ఖనిజ మిశ్రమాన్ని కూడా గొర్రెల దాణాలో కలపరాదు. అందులోని రాగిని గొర్రె శరీరం త్వరగా బయటికి పంపలేదు, కాలేయంలో పేరుకుని ఒక్కసారిగా ప్రాణం తీస్తుంది.