రావలసిన సొమ్మును అడిగే పద్ధతి

సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. మరమగ్గాల మీద కూలికి చేరినవారిలో కొందరు నేడు సొంత మగ్గాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు నడుపుకొంటున్నారు. మీరు అక్కడ ఉన్నా, సిరిసిల్లలో ఉన్నా, మీకు ఎదురయ్యే చిక్కు ఒక్కటే. సరుకు అప్పగించి నెలలు గడచినా సొమ్ము చేతికి రాదు. కూలి, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగవు.

60,000 రూపాయల బిల్లు నిలిచిపోయిందనుకొనండి. మీరు 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే, నెలకు 600 రూపాయలు మీరే భరిస్తున్నారు. కొనుగోలుదారు పెట్టవలసిన పెట్టుబడికి మీరు వడ్డీ కడుతున్నారన్నమాట.

అడిగితే బేరం పోతుందేమోనన్న భయం సహజమే. అయితే తగాదాకు మూలం సాధారణంగా అడగడంలో కాదు, మొదట తేదీ వ్రాసుకొనకపోవడంలో ఉంటుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నచోట 45 రోజులకు మించకుండా, లేనిచోట 15 రోజులలో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిపే చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. ఇందుకు సరుకు పంపక మునుపే ఉద్యం నమోదు చేయించుకొనడం క్షేమం. కేవలం కొని అమ్మే వర్తకులకు ఉద్యం నమోదు ఉన్నా ఈ రక్షణ వర్తించదని డీలర్లు గమనించగలరు.

ఈ గడువు సరుకు అందిన నాటి నుండి లెక్కకు వస్తుంది. కాబట్టి చలానుపై తేదీతో సహా సంతకం తీసుకొనండి. "గుడ్డలో మచ్చలున్నాయి, అందుకే ఆపాను" అనే మాట మీరూ వినే ఉంటారు. సరుకుపై అభ్యంతరాన్ని 15 రోజులలోగా వ్రాతపూర్వకంగా తెలపాలన్నది చట్టం. రెండు నెలల తరువాత నోటిమాటగా చెప్పిన లోపం ఆ గడువును ఆపదు. నిజంగా లోపముంటే మాత్రం ఒప్పుకొని సరిచేయండి.

గడువుకు వారం ముందే ఒక చీటీ పంపండి: "సేఠ్ గారూ, ఫలానా చలానుకు సంబంధించిన సొమ్ము ఫలానా తేదీన రావలసి ఉంది. దయచేసి ఏర్పాటు చేయగలరు." ఇంతే చాలు. మీ ఇంటి కష్టాలు అందులో వ్రాయనవసరం లేదు. "దీపావళి కానీయండి" అన్న జవాబు వస్తే, లాభపంచమికి కొట్లు తెరచిన పిదప ఏ రోజున ఇస్తారో అడిగి వ్రాయించుకొనండి. 2024 ఏప్రిల్ 1 నుండి అమలైన ఆదాయపు పన్ను నిబంధన వల్ల, గడువు దాటిన ఇట్టి బాకీని చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపే వీలుంది. త్వరగా చెల్లించడం ఆయనకూ మేలే అని మర్యాదగా గుర్తుచేయవచ్చు.

అప్పటికీ రాకుంటే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చు. ఈలోగా బాకీ మొత్తాన్ని అంగీకరిస్తూ సంతకం చేసిన పత్రం తీసుకొనండి. సాధారణంగా దావాకు కాలపరిమితి మూడేళ్ళు. ఆ గడువు తీరక మునుపు సంతకం చేస్తే, ఆనాటి నుండి మూడేళ్ళు తిరిగి మొదలవుతాయి.