చుక్కల రెక్కల దోమ

మాది అమృతలూరు. మడి గట్టు మీద పెరిగినవాణ్ణి గనుక దోమ గురించి నాకొకరు పాఠం చెప్పనక్కర్లేదనుకునేవాణ్ణి. నాట్ల రోజుల్లో పొద్దుగూకేసరికి కొట్టంలో వేపాకు పొగ వెయ్యకపోతే గేదెలు కాలు నిలవవు. మా నాయనమ్మకు చిన్నతనంలో చలిజ్వరం వచ్చిందట. రోజు విడిచి రోజు, సరిగ్గా అదే వేళకు వణుకు మొదలై, ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయేదట. "కాలవ గాలి సోకిందిరా అబ్బాయ్" అంటుంది ఇప్పటికీ. నేను నవ్వేవాణ్ణి. కానీ ఇటలీవాళ్ళూ ఆ మాటే అన్నారు. మలేరియా అన్న పేరుకు అర్థం చెడ్డ గాలి అనే.

ఇక నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కిందటేడు ప్రాక్టికల్ రికార్డులో ప్లాస్మోడియం దశలన్నీ రంగు పెన్సిళ్ళతో ముచ్చటగా వేశాను. మార్కులూ వచ్చాయి. అయితే సూక్ష్మదర్శినిలో నేను చూసింది ఎర్రటి మసక మాత్రమే. బొమ్మలన్నీ పుస్తకంలోంచి దించినవే.

ఈ ఏడు విజ్ఞాన యాత్రలో మా జంతుశాస్త్రం మాస్టారు మమ్మల్ని హైదరాబాదులో బేగంపేటకు తీసుకువెళ్ళారు. పాత విమానాశ్రయం దగ్గర సర్ రొనాల్డ్ రాస్ స్మారక భవనం ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికీ ఆయన పేరే ఉండడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇది వేరు. రాస్ కాపురమున్న ఇల్లు కూడా కాదు, ఆయన పనిచేసిన చోటు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దీన్ని ఆయన జ్ఞాపకంగా కాపాడుకుంటూ వస్తున్నది. లోకాన్ని మార్చిన చోటు మా ఊరి రైసుమిల్లంత అయినా ఉంటుందనుకున్నాను. లేదు, చిన్న బంగళా.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో సైనిక వైద్యుడిగా కొలువులో చేరాడు. రోగి రక్తంలో మలేరియా క్రిమిని 1880లోనే లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో చూశాడు. మరి అది ఒకరినుంచి ఇంకొకరికి ఎలా పోతుంది? దోమ మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. మాన్సన్ అంతకుముందే బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని కనిపెట్టినవాడు. 1895లో రాస్ సికిందరాబాదు చేరి, దోమలు పట్టి, రోగుల్ని కుట్టించి, కోసి చూడడం మొదలుపెట్టాడు.

దాదాపు రెండేళ్ళు ఏమీ కనబడలేదు. కారణం మనకిప్పుడు తెలుసు. ఆయన కోసినవి ఎక్కువగా క్యూలెక్స్, ఈడిస్ జాతులు. మనిషి మలేరియా వాటిలో పెరగదు. పాపం ఆయనకా సంగతి చెప్పేవాళ్ళెవరు? 1897 ఆగస్టు ఎండలో పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని అదీ మానుకున్నాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, కంటి అద్దం పగిలింది.

అప్పుడు దొరికాయి, రెక్కల మీద చుక్కలున్న దోమలు. ఇవాళ మనం అనాఫిలిస్ అంటున్నవి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున కూలి. రూపాయిలో పదహారో వంతు! మా మాస్టారు ఇక్కడ ఆగి, "ఆ రక్తం లేకపోతే రాస్ ఏం చూసేవాడోయ్?" అన్నారు. మా పాఠ్యపుస్తకంలో రాస్ పేరుంది, హుసేన్ ఖాన్ పేరు లేదు. అదేం న్యాయమో నాకు బోధపడలేదు.

ఆగస్టు 20న, నాలుగు రోజులు గడిచిన దోమను కోస్తే, పొట్టగోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లటి రేణువులు. అసలు కీలకం ఆ రేణువుల్లో ఉంది. మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరి హిమోగ్లోబిన్ తిన్నాక, అరగని ఇనుపభాగం నల్లటి రేణువులుగా మిగులుతుంది. రోగుల రక్తంలో రాస్ దాన్ని లెక్కలేనన్నిసార్లు చూశాడు. దోమ పొట్ట కణాల్లో అలాంటివి ఉండవు. ఆ రెండేళ్ళూ వట్టి దోమల్ని కోసీ కోసీ ఆయన కంటికి ఆ పొట్టగోడ కొట్టినపిండి అయింది గనుకనే, ఉండకూడనిది ఉందని పోల్చుకోగలిగాడు. మర్నాడు ఇంకో దోమలో ఆ కణాలు మరింత పెద్దవై ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. బదిలీ మీద వేరేచోటికి వెళ్ళి, 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి చివరకు దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో బయటపడుతుందని చూపాడు. మనిషి విషయంలో చక్రం పూర్తిచేసింది అదే సంవత్సరం ఇటలీ శాస్త్రజ్ఞులు. 1902లో నోబెల్ బహుమతి మాత్రం రాస్‌కే వచ్చింది. ఆ తగాదా చాలా ఏళ్ళు నడిచింది.

సెలవులకు ఇంటికి రాగానే గరిటె, తెల్ల పళ్ళెం పట్టుకుని బయల్దేరాను. "చదువుకునే పిల్లాడివి, మురిక్కాలవలో గరిటె పెడతావేంట్రా!" అని నాయనమ్మ తిట్టింది. ఇంటి పక్క మురుగులో తీసిన పిల్లలన్నీ తోక పైకి, తల కిందికి వేలాడుతున్నాయి. అవి క్యూలెక్స్. తర్వాత చేను పక్క బోదె దగ్గరికి వెళ్ళి, గడ్డి మొదట్లో తేట నీళ్ళు ముంచాను. మొదటి గరిటెలో ఏమీ లేవు. ఏడో గరిటెలో నాలుగు పిల్లలు నీటి పైతలానికి సమంగా, పుల్లల్లా పడుకుని ఉన్నాయి. అనాఫిలిస్ పిల్ల అలాగే ఉంటుంది.

పళ్ళెం తెచ్చి నాయనమ్మకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "కాలవదేనని నేను చెప్పలా?" అంది. నిజమే, గాలి అనే మాట ఒక్కటే తప్పు.

ఆ సాయంత్రం రికార్డు తీసి, కొత్త పేజీలో ఆ నాలుగింటినీ చూసినవి చూసినట్టు వేశాను. బొమ్మ వంకరగానే వచ్చింది.